పదిమంది, ఐదు టెంట్లు, 12 గుంటల జాగా

హైదరాబాద్ నుంచి టెంట్లు వేసుకుని బయల్దేరే బ్యాచ్‌లు చాలావరకు చేసే పని ఒకటే. మ్యాప్‌లో నీలం రంగు కనబడ్డ చోటికి పోయి నీళ్ల ఒడ్డునే దిగిపోతారు. శనివారం సాయంత్రం వికారాబాద్ దగ్గరి కోట్‌పల్లి ప్రాజెక్టు కట్ట మీద నిలబడి చూడండి, ఆ ఆలోచన ఎంతమందికి వచ్చిందో తెలుస్తుంది.

నీళ్లకు కనీసం 200 మీటర్లు ఎడంగా, మధ్యలో మిట్టో తుప్పల వరసో అడ్డం ఉన్న జాగా వెతకండి. ఒడ్డు వెంబడి చేపలు పట్టేవాళ్లు, గేదెలు, బైకులు తిరుగుతూనే ఉంటాయి. రాత్రిపూట నీళ్ల మీదుగా మాట చాలా దూరం వినబడుతుంది, అవతలి ఒడ్డున పెట్టిన స్పీకరు మీ టెంట్లో మోగినట్టే ఉంటుంది. పైగా చలికాలంలో చల్లగాలి పల్లంలోకి దిగుతుంది, తెల్లారేసరికి టెంటు మంచుకు తడిసి ముద్దవుతుంది.

గూగుల్ ఎర్త్‌లో పాత ఫొటోలు చూసే వీలుంది. ఒకే చోటును అక్టోబర్‌లోనూ ఏప్రిల్‌లోనూ చూడండి. ఏప్రిల్‌లో చదునైన మైదానంలా ఊరించేది చాలాసార్లు శిఖం భూమి, అంటే చెరువు నిండితే మునిగే నేల. అక్కడికి వెళ్లాక ఎండిన నాచు, నత్తగుల్లల గీత ఎక్కడిదాకా ఉందో చూస్తే నీళ్ల హద్దు తెలిసిపోతుంది. ఆ గీత కిందికి కారు దింపకండి. నల్లరేగడి పైకి గట్టిగానే కనబడుతుంది, ఒక్క జల్లు పడితే చక్రాలు దిగబడతాయి.

రిజర్వ్ ఫారెస్టులో అనుమతి లేకుండా రాత్రి ఉండకూడదు. అమ్రాబాద్ పులుల అడవిలో ఆ ఆలోచనే వద్దు. మా ఓటు పట్టా భూమికి, అందులోనూ మామిడి తోటకి. పాత పద్ధతిలో మామిడి మొక్కల్ని 10 మీటర్ల ఎడంతో నాటుతారు, గుంపులో టెంటుకీ టెంటుకీ మధ్య కావలసిన ఖాళీ సరిగ్గా అదే. టెంటు తాళ్లతో సహా 4 మీటర్లు తీసుకుంటుంది. ఐదు టెంట్లు, మధ్యలో నాలుగు ఖాళీలు, వెరసి 60 మీటర్ల బారు. వెడల్పు 20 మీటర్లు అనుకుంటే సుమారు 12 గుంటలు (ఎకరానికి 40 గుంటలు). గురకపెట్టేవాళ్లకు చివరి టెంటు ఇవ్వండి, మొహమాటం వద్దు.

కొల్లాపూర్ వైపు, సోమశిల దారిలో ఇలాంటి తోటలు బాగా ఉన్నాయి. అయితే అదను ముఖ్యం. వానలు పోయాక, పూత రాకముందు, అంటే నవంబర్ నుంచి డిసెంబర్ సగం దాకా. పూత మీద తేనెమంచు పురుగుకి మందు కొడతారు, ఆ వాసనలో పడుకోలేరు, పడుకోకూడదు కూడా. కాయ మీద ఉన్నప్పుడు ఏ రైతూ ఒప్పుకోడు, అది న్యాయమే.

రైతుతో ముందే మాట్లాడండి: "అన్నా, పదిమందిమి ఉన్నం, ఒక్క రాత్రి ఉండి పొద్దున్నే పోతం." ఆ తర్వాత మూడు ప్రశ్నలు. గట్టు లేని బావి ఎక్కడుంది? డ్రిప్పు పైపులు ఎటు పోతున్నాయి? అడవిపందుల కోసం చుట్టుపక్కల ఎవరైనా కరెంటు తీగ కట్టారా? మూడోదానికి జవాబు తడబడుతూ వస్తే వెంటనే వేరే చోటు చూసుకోండి. చీకట్లో ఒంటేలుకి వెళ్లినవాడి కాలికి తగిలేది ఆ తీగే.

పొయ్యి గాలివాలుకు చివర్న ఉండాలి. చలికాలంలో గాలి ఎక్కువగా తూర్పు వైపు నుంచే వస్తుంది, అయినా గుప్పెడు దుమ్ము ఎగరేసి చూసుకోండి. ఎండుటాకుల్లో కట్టెల మంట వద్దు, ఊడ్చిన నేల మీద గ్యాస్ స్టవ్ చాలు. నీళ్లు మనిషికి రోజుకి 5 లీటర్లు, పదిమందికి 20 లీటర్ల క్యాన్లు మూడు. మలవిసర్జనకి నీళ్లకు 60 మీటర్ల దూరంలో జానెడు లోతు గుంట తవ్వి పూడ్చాలి. కట్లపాము రాత్రి తిరుగుతుంది కాబట్టి టెంటు జిప్పు ఎప్పుడూ వేసే ఉంచండి, బూట్లు లోపలే పెట్టుకోండి.

సాయంత్రం 4 కల్లా చేరాలి. డిసెంబర్ మొదట్లో 5:45 దాటకముందే పొద్దు గూకుతుంది, చీకట్లో మేకులు కొడితే డ్రిప్పు పైపుకి చిల్లు పడటం ఖాయం. పొద్దున బయల్దేరేముందు ఆ మేకులన్నీ లెక్కపెట్టుకోండి. ఒక్కటి మట్టిలో మిగిలినా అది ఆ రైతు ట్రాక్టర్ టైరులోనే దిగుతుంది.