చుట్టూ తిరుగుతూ చూడాల్సిన శిల్పాలు

గుంటూరు వైపు నుంచి చుట్టాలు ఎవరొచ్చినా, లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంకి తీసుకెళ్ళి అమరావతి శిల్పాలు చూపిస్తాను. పోయినసారి అమ్మ వచ్చింది. అద్దం వెనక వరసగా నిలబెట్టిన పలకల్ని చివరిదాకా చూసి, "ఇవి స్తూపానివేగా, మరి చుట్టూ తిరగడానికి దారేదిరా?" అంది.

అసలు సంగతంతా అందులోనే ఉంది. కృష్ణ ఒడ్డున అమరావతిలోని బౌద్ధ మహాస్తూపానికి ప్రదక్షిణ చేసేవాళ్ళకి నడిచేకొద్దీ ఒక్కొక్కటే కనపడాలని చెక్కిన బొమ్మలవి. అప్పటి బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించిన రాళ్ళు మద్రాసులో ఏళ్ళ తరబడి పడి ఉండి, 1859లో లండన్‌కి ఓడెక్కాయి. ఆ నడక మాత్రం అక్కడే ఉండిపోయింది.

వాటిలో ఒక పలక దగ్గర నేను ఎంతసేపైనా నిలబడిపోతాను. ఛాతీ ఎత్తు సున్నపురాయి. దాని మీద చెక్కింది ఆ స్తూపాన్నే: ద్వారం పైన సింహాలు, ఎదురుగా ముందుకొచ్చిన అరుగు మీద అయిదు ఆయక స్తంభాలు, పైన అండం, అంటే గుమ్మటం. వెనక్కి తిప్పితే ఇంకో శిల్పం. బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, మొక్కుతున్న జనం. అది క్రీ.పూ. 1వ శతాబ్దం నాటిది. ముందువైపు స్తూపం బొమ్మ క్రీ.శ. 3వ శతాబ్దంలోది. అంటే స్తూపాన్ని బాగుచేసినప్పుడు మనవాళ్ళు పాత పలకనే తిప్పి, పాత బొమ్మ లోపలికి పోయేలా పెట్టి, కొత్తది చెక్కించారు. ఆనాడు ప్రదక్షిణ చేసినవాళ్ళకి దక్కని ఆ పాత బొమ్మ మ్యూజియం వల్లే మనకి దక్కింది, కాదనను.

కానీ అమరావతిలో ఎర్రటి ఎండలో స్తూపం మిగిలిన దిబ్బ చుట్టూ తిరిగినప్పుడు, ఫోన్‌లో అదే పలక ఫోటో చూసుకుంటే కాళ్ళు ఆగిపోయాయి. దాదాపు యాభై మీటర్ల వెడల్పు కట్టడాన్ని ఆ శిల్పి అంత చిన్న రాయిలో ఎలా ఇమిడ్చాడో అక్కడ తెలిసింది. మంచి శిల్పాలు చాలావరకు చెన్నైకి, లండన్‌కి పోయాక కూడా ఆ చోటికి అంత బలం ఉంది.

ఆ పలకలు తిరిగి రావాలనే నా కోరిక. వచ్చేదాకా ఆ ప్రదక్షిణ దారి పొడవునా అసలు కొలతలతో నకళ్ళైనా నిలబెట్టాలి. "నకళ్ళు ఎవడు చూస్తాడు" అంటారు కొందరు. పిల్లలు చూస్తారు, నడుస్తూ చూస్తారు. ఆ శిల్పాలని చూడాల్సిన పద్ధతి అదే.