సంకల్పంలో 432 కోట్లు

ఏ పూజకి కూర్చున్నా పంతులుగారు ముందుగా చెప్పించేది సంకల్పమే. "అద్య బ్రహ్మణః ద్వితీయ పరార్ధే, శ్వేతవరాహ కల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే, ప్రథమ పాదే..." అక్షతలు పట్టుకుని ఈ మాటలు ఎన్నేళ్లుగా అంటున్నానో! అర్థం మీద ధ్యాస ఉండేది కాదు. గోత్రం దగ్గర ఎక్కడ తడబడతానో అన్నదే నా టెన్షన్.

గీత ఎనిమిదో అధ్యాయంలో "సహస్రయుగపర్యంత మహర్యద్ బ్రహ్మణో విదుః" అన్న శ్లోకం చదివాక ఆ 'కల్పే' అన్న మాట నన్ను పట్టుకుంది. వెయ్యి యుగాలు బ్రహ్మకి ఒక పగలు. ఇక్కడ యుగమంటే మహాయుగం, నాలుగు యుగాలూ కలిసిన మొత్తం. కలియుగం 4,32,000 ఏళ్లు, ద్వాపరం దానికి రెండింతలు, త్రేత మూడింతలు, కృతం నాలుగింతలు. అన్నీ కలిపితే 43,20,000. అలాంటివి వెయ్యి అంటే 432 కోట్ల ఏళ్లు. అదే కల్పం.

ఆ పగటిని 14 మంది మనువులు పంచుకోవాలి, ఒక్కొక్కరి వంతే సంకల్పంలోని మన్వంతరం. చిక్కంతా అక్కడే, వెయ్యి పద్నాలుగుతో తెగదు. తలా 71 మహాయుగాలు ఇస్తే 994 అవుతాయి, ఆరు మిగులుతాయి. సూర్యసిద్ధాంతమనే పాత ఖగోళ గ్రంథం ఆ ఆరింటినీ సంధులకి, అంటే మనువుల నడిమి కాలాలకి ఇచ్చింది. కల్పం మొదట్లో ఒక సంధి, ప్రతి మనువు చివరా ఒకటి, మొత్తం 15. ఒక్కో సంధి కృతయుగమంత, అంటే మహాయుగంలో పదింట నాలుగు వంతులు. పదిహేను నాలుగులు అరవై, అరవై పదోవంతులు ఆరు. పాత కరెంటు బిల్లు వెనక ఈ లెక్క వేసుకుని, సరిపోయేసరికి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఆర్యభటుడు సంధుల జోలికి పోలేదు. మనువుకి 72 చొప్పున ఇచ్చి, కల్పాన్ని 1008 మహాయుగాలు చేశాడు. అది స్మృతులకు విరుద్ధమని తర్వాతి కాలపు గణితవేత్త బ్రహ్మగుప్తుడు తప్పుపట్టాడు. ఆర్యభటుడి లెక్క తేలికే కానీ, నా ఓటు వెయ్యికే.

ఇంత పెద్ద సంఖ్య ఎందుకంటారా? ఒక్క ఏడాదిలో నక్షత్రాల మధ్య చంద్రుడు తిరిగే చుట్లు పదమూడూ చిల్లర. ఆ చిల్లర మాయం కావాలంటే కాలాన్ని అంత పొడుగు చాచాలి. సూర్యసిద్ధాంతం ప్రకారం మహాయుగంలో చంద్రుడివి 5,77,53,336 చుట్లు, సూర్యుడివి 43,20,000. తీసేస్తే వచ్చేవి చంద్రుడు సూర్యుణ్ణి కలిసిన సార్లు, అంటే చాంద్రమాసాలు, 5,34,33,336. ఏడాదికి పన్నెండు చొప్పున సౌరమాసాలు 5,18,40,000. తేడా 15,93,336, అవే అధికమాసాలు. రెండున్నరేళ్లు దాటాక పంచాంగంలో కనిపించే అధికమాసం ఆ లెక్కలోదే.

సంకల్పం ఆ కల్పం నుంచి దిగుతూ వస్తుంది. మేరువుకి దక్షిణాన, శ్రీశైలానికి ఫలానా దిక్కున, ఈ సంవత్సరం, ఈ మాసం, ఈ తిథి, చివరికి మన ఇల్లు, మన పేరు.

మొన్న వ్రతంలో 'కల్పే' దగ్గరే మనసులో గుణకారాలు చేసుకుంటూ ఉండిపోయాను. పంతులుగారు రెండోసారి అడుగుతుంటే తెలివొచ్చింది.

"గోత్రం చెప్పండి బాబూ."