ఐనవోలు డోలు, కొత్త హెడ్‌ఫోన్లు

హెడ్‌ఫోన్ల మీద రాసేవాళ్లు ఎక్కువగా ఇంగ్లిషు పాటలు పెట్టి పరీక్షిస్తారు. ఆ గిటారు స్టూడియోలో అసలు ఎలా మోగిందో నేను వినలేదు. కాబట్టి చెవి దగ్గర అది సరిగ్గా మోగుతోందో లేదో నాకు తేలదు. ఒగ్గు డోలు, అంటే మల్లన్న, బీరప్పల కథలు పాడి చెప్పే ఒగ్గు కథలో వాయించే డోలు, అలా కాదు. చిన్నప్పటి నుంచి మల్లన్న పట్నాల (దేవుడి కోసం రంగు పొడులతో వేసే ముగ్గుల) దగ్గర, బీరప్ప పండుగల్లో విన్న చప్పుడు అది. కొంచెం తేడా వచ్చినా చెవి ఒప్పుకోదు. అందుకే కొత్త వైర్‌లెస్ జత ఇంటికి రాగానే దాన్ని వరంగల్ దగ్గరి ఐనవోలు జాతరకు తీసుకుపోవాలనుకున్నాను. కథ జరిగే చోట కూర్చుని డోలు వినాలి, అక్కడే రికార్డు చేయాలి, చెవిలో ఆ మోత ఆరకముందే హెడ్‌ఫోన్లు పెట్టుకుని పోల్చాలి.

సికింద్రాబాద్‌లో పొద్దుటి బండి ఎక్కాను. మామూలు స్లీపర్ బోగీ. కిటికీలు తెరిచి ఉన్నాయి, పైన ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి. ఇలాంటి వస్తువు సత్తా చూడాలంటే ఏసీ బోగీ కంటే ఇదే సరైన చోటు.

నేను కొన్నవి క్లోజ్డ్ బ్యాక్ రకం. చెవిని మొత్తం కప్పేస్తాయి, కప్పుల వీపు మూసి ఉంటుంది. లోపల చప్పుడు పుట్టించే 40 మిల్లీమీటర్ల డ్రైవర్లు. డ్రైవర్ పొర ముందుకూ వెనక్కీ కదులుతుంది కాబట్టి చప్పుడు చెవి వైపే కాదు, వెనక్కి కూడా పుడుతుంది. ఓపెన్ బ్యాక్ రకంలో ఆ వెనక చప్పుడు జాలీలోంచి బయటికి పోతుంది. పాట విశాలంగా, గదిలో ఎదురుగా పాడుతున్నట్టు ఉంటుంది. కానీ రైల్లో అవి పనికిరావు, బయటి గోలంతా లోపలికి వస్తుంది, మన పాట పక్కవాళ్లకు వినపడుతుంది. మూసిన కప్పులో ఆ చిక్కు లేదు. బదులుగా వెనక చప్పుడు లోపలే చిక్కుకుంటుంది. దాన్ని నురుగుతోనో గుడ్డతోనో సరిగ్గా అణచకపోతే కప్పు గోడలకు తగిలి తిరిగొచ్చి అసలు పాటలో కలుస్తుంది. మూసిన కప్పు మంచిదా కాదా అన్నది చాలావరకు ఈ ఒక్కదాని మీదే ఆధారపడి ఉంటుందని నా నమ్మకం. డోలు లాంటి వాద్యం దగ్గర అది ఇట్టే బయటపడుతుంది.

బండి ఘట్‌కేసర్ దాటాక నాయిస్ క్యాన్సిలేషన్ ఆన్ చేశాను. ఫ్యాన్ల హోరు, చక్రాల కింది బొంగురు మోత ఒక్కసారిగా తగ్గిపోయాయి. అదే సమయంలో 'చాయ్, చాయ్' కేక మాత్రం స్పష్టంగా వినపడింది. పట్టాలు మారేచోట ఠకఠకలూ వచ్చాయి. ఇందులో ఆశ్చర్యం లేదు. కప్పుల మీది మైకులు బయటి చప్పుడును పట్టి, దానికి సరిగ్గా తలకిందుల అలను డ్రైవర్ పుట్టిస్తుంది, రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఒకే తీరుగా సాగే బొంగురు మోత మీద ఇది బాగా పనిచేస్తుంది. గొంతులు, గిన్నెల చప్పుడు లాంటి పదునైన వాటిని ఆపాల్సింది ప్యాడ్లూ, కప్పులే. బోస్ ఆడియో కంపెనీ పెట్టిన అమర్ బోస్‌కు ఈ ఆలోచన 1978లో జ్యూరిక్ నుంచి విమానంలో వస్తుండగా తట్టింది. 1989 నాటికి ఆయన కంపెనీ పైలట్ల కోసం హెడ్‌సెట్ తెచ్చింది. విమానం ఇంజన్ హోరులో పుట్టిన ఉపాయం మన స్లీపర్ బోగీ ఫ్యాన్ల మీద ఇంత చక్కగా పనిచేయడం నాకు భలే నచ్చింది.

నాకు దీంట్లో కనపడ్డ అసలు లాభం ఇంకొకటి. మామూలు ఇయర్‌ఫోన్లతో రైల్లో పాట వినాలంటే వాల్యూమ్ దాదాపు చివరిదాకా పెంచేవాణ్ని. ఇప్పుడు సగానికి లోపే చాలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు, 90 డెసిబెల్స్‌కు చేరితే 4 గంటలే. రోజూ రైల్లోనో బస్సులోనో పనికి పోయివచ్చేవాళ్లకు ఈ ఒక్క కారణం చాలు.

కళ్లజోడు ఉన్నవాళ్లకు ఒక మాట. నా ఫ్రేమ్ కాడలు కొంచెం మందం. ప్యాడుకూ కణతకూ మధ్య అవి సందు చేస్తాయి, ఆ సందులోంచి లోతైన బాస్ జారిపోతుంది. భువనగిరి కోట గుట్ట కనపడగానే కళ్లజోడు తీసి విన్నాను. అడుగు స్వరం వెంటనే నిండుగా వచ్చింది. గుట్ట మసకబారింది. సన్న కాడల ఫ్రేమ్ ఉంటే ఈ బాధ తగ్గుతుంది.

జనగామ దగ్గర పడుతుండగా చుక్క సత్తయ్య గారి కథ పెట్టాను. ఒగ్గు కథకు దేశమంతటా పేరు తెచ్చిన ఆయన ఈ జనగామ ప్రాంతం వారే. 2017లో కన్నుమూశారు. ఆ గొంతు మా ఇంట్లో పాత క్యాసెట్ల నుంచి తెలుసు. ఇప్పుడు అది నుదుటి దగ్గర నిలబడి మాట్లాడింది. వాక్యం చివర ఆయన లాగే రాగం, ఊపిరి తీసుకున్న చోటు, వెనక వంతగాళ్లు అందుకునే ఆ క్షణం అన్నీ విడివిడిగా తెలిశాయి. డోలు మాత్రం పత్తి బస్తా కింద పెట్టి కొట్టినట్టు వచ్చింది. దెబ్బ ఉంది, పదును లేదు. లోపం పాత రికార్డింగ్‌దా, నా కప్పులదా? అదే తేల్చుకోవాలని వరంగల్‌లో దిగాను.

ఖమ్మం రోడ్డు పట్టి పంథిని దగ్గర లోపలికి తిరిగితే ఐనవోలు. ఇక్కడి మల్లికార్జున స్వామి గుడి కాకతీయుల కాలం నాటిది. సంక్రాంతికి మొదలైన జాతర ఉగాది దాకా సాగుతుంది. ఆటోలో కూర్చుని చూస్తే హెడ్‌ఫోన్లలో గాలి బుసబుసలాడింది. మైకుల మీద గాలి కొడితే క్యాన్సిలేషన్ తికమకపడుతుంది. ఆఫ్ చేసి మెడలో వేసుకున్నాను.

గుడి ముందు నేలంతా పసుపు. బండారి (దేవుడి పసుపు) చల్లుకున్న మొహాలు, తలల మీద బోనాలు. ఒక చెట్టు నీడన ఒక కుటుంబం పట్నం వేయించుకుంటోంది. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకు పొడి గుప్పిట్లోంచి సన్నగా జారుతుంటే గీతలు గళ్లుగా మారుతున్నాయి. పక్కనే కథ నడుస్తోంది. మల్లన్న గొల్ల కేతమ్మను చూసే ఘట్టం. ప్రధాన కథకుడి చేతిలో ఒగ్గు అనే చిన్న డమరుకం, వెనక తాళాలు, పక్కన డోలు.

ఎంతో తెలుసనుకున్న చప్పుడును అంత దగ్గర నుంచి వింటే కొత్త సంగతులు తెలిశాయి. డోలు బరువైన వాద్యమని అందరం అనుకుంటాం. ఎదురుగా కూర్చుంటే మొదట తాకేది బరువు కాదు, పుల్ల తోలును తాకిన చురుకు. ఆ వెంటనే రెండో పక్క చేతి దెబ్బ గుండెలో పడుతుంది, అంతే త్వరగా ఆగిపోతుంది. ఆరుబయట గోడలు లేవు, చప్పుడు తిరిగి రాదు. అందుకే ఎంత వేగంగా కొట్టినా దెబ్బ మీద దెబ్బ పడదు, కథకుడి మాట ఆ సందుల్లోంచి నడుస్తుంది. కథకుడు ఆగితే డోలు మాట్లాడుతుంది, డోలు తగ్గితే ఆయన మొదలుపెడతాడు. ఎవరూ ఎవరినీ మింగరు.

బృందంలో పెద్దాయన్ని అడిగి, ఒప్పుకున్నాక రికార్డు చేశాను. ఫోన్లలో మామూలు రికార్డింగ్ యాప్ పెద్ద దెబ్బను తనంతట తానే తగ్గించి, చిన్న చప్పుడును పెంచేస్తుంది. అలా చేస్తే డోలు చచ్చిపోతుంది. అందుకే ఆ ఆటోమేటిక్ లెవెల్‌ను ఆపి, గట్టి దెబ్బకు కూడా చీలకుండా గెయిన్ (మైకు చప్పుడును పెంచే పాలు) బాగా తగ్గించి, కుదించని వేవ్ ఫైలుగా తీసుకున్నాను.

కథ విరామంలో విన్నాను. గొంతు బాగుంది. డోలు మళ్లీ తేడాగా వచ్చింది, చురుకు తగ్గి వెనక ఒక బొంగురు మోత సాగింది. నా చెవి మీద నాకు నమ్మకం ఉన్నా, వాయించినవారి మాట కావాలనిపించింది. డోలు ఆయన చెయ్యి తుడుచుకుని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. కాసేపు విన్నారు, వేళ్లు మోకాలి మీద కదులుతూనే ఉన్నాయి.

"గొంతు మంచిగ ఇనవడ్తుంది బిడ్డా," అన్నారు. "గని డోలు గిట్ల ఊగది. పుల్ల తాకంగనే తెల్వాలె, ఎంబడే తెగాలె. గీడ ఎన్కెన్క సాగుతుంది."

వెనకవెనక సాగడం. మూసిన కప్పు గురించి అంతకంటే కచ్చితమైన మాట నేనెక్కడా చదవలేదు. కంపెనీ వాళ్లు సినిమా పాటలు దద్దరిల్లేలా వినపడాలని 100 నుంచి 200 హెర్ట్జ్ మధ్య కావాలనే పెంచి పెట్టారు. ఆ పెంపు డోలు మోతను సాగదీస్తోంది, కథకుడి గొంతు అడుగు భాగాన్ని కూడా కప్పేస్తోంది. యాప్‌లో ఒక్కో స్వరభాగాన్ని విడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్ తెరిచి ఆ భాగాన్ని బాగా దించాను, పుల్ల చురుకు ఉండే 3 వేల హెర్ట్జ్ దగ్గర రవ్వంత పెంచాను. మళ్లీ ఆయనకే ఇచ్చాను.

"ఇగో, గిది మా డోలు," అన్నారు. తర్వాత తాళం వాయించే తమ్ముడికి పెట్టారు. అతను మొహం చిట్లించాడు, తాళాలు చెవిలో గుచ్చుతున్నాయట. నిజమే, పైస్వరంలో ఈ జతకు ఒక కటువుదనం ఉంది. ఈక్వలైజర్‌తో తగ్గించబోతే గొంతులో మెరుపు పోతోంది.

మధ్యాహ్నం ఎండలో రెక్సిన్ లాంటి ప్యాడ్లు చెవుల చుట్టూ చెమట పట్టించాయి. మాఘమాసంలోనే ఇలా ఉంటే వరంగల్ మే నెలలో వీటిని బయట పెట్టుకునే మాటే లేదు. నడుస్తుంటే మన అడుగుల చప్పుడే తలలో దడదడ వినపడుతుంది, చెవి మూసుకుపోతే ఎముకల గుండా వచ్చే మోతకు బయటికి దారి ఉండదు కదా. ఇవి కూర్చుని వినే వస్తువులు.

సాయంత్రం హనుమకొండలో వేయిస్తంభాల గుడి చూసి స్టేషన్‌కు చేరాను. ప్లాట్‌ఫారం మీద జనంలో బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే ఎల్‌డ్యాక్ కోడెక్ సెకనుకు 990 కిలోబిట్ల దగ్గర తెగి తెగి వచ్చింది. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ అలలను మనిషి ఒంట్లోని నీరు పీల్చుకుంటుంది, ఫోను వెనక జేబులో ఉంటే ఇంకా కష్టం. 660కి దించితే సాఫీగా సాగింది, తేడా నా చెవికి అందలేదు. వైరు పెట్టి, పవర్ ఆపి కూడా చూశాను. సర్దుబాట్లన్నీ పోయి చప్పుడు మందంగా మారింది. వైరుతో వినాలనుకునేవాళ్లు ఇలాంటివి కొనకపోవడమే మంచిది.

బండి కాజీపేట దాటాక అదే ఈక్వలైజర్‌తో సత్తయ్య గారి కథ మళ్లీ పెట్టాను. డోలు కొంత తేరుకుంది కానీ పుల్ల చురుకు రాలేదు, ఎంత పెంచినా టేపు బుసే పెరిగింది. అంటే సాగుడు నా కప్పులది, మొద్దుదనం ఆ పాత టేపుది. పొద్దున ఈ రెండూ కలిసిపోయి ఒకటిగా వినపడ్డాయి. ఐనవోలు రికార్డింగ్‌లో మాత్రం ప్రతి దెబ్బా పడిన చోట పడి, తెగిన చోట తెగింది. హెడ్‌ఫోన్లు ఉంచుకుంటున్నాను. గుడ్డ ప్యాడ్లు తెప్పించి చూడాలి, తాళాల కటువు దానితో తగ్గవచ్చు. ప్యాడ్ మారితే బాస్ కూడా మారుతుంది, కాబట్టి ఈక్వలైజర్ మళ్లీ మొదటి నుంచి సరిచేసుకోవాలి.