రూపాయిలో నొప్పి ఎంత?

ఎముకల వార్డులో నర్సుగా ఈ పదిహేనేళ్లలో నేను రోజూ అడుగుతూ వచ్చిన ప్రశ్న ఒకటుంది: "సున్నా నుంచి పది వరకు లెక్కేసుకుంటే మీ నొప్పి ఎంత?" సున్నా అంటే అసలు లేనట్టు, పది అంటే ఇంతకు మించిన నొప్పి ఊహకు కూడా అందనట్టు. జ్వరానికి థర్మామీటరు ఉంది, బీపీకి యంత్రం ఉంది. నొప్పికి మాత్రం పడే మనిషి చెప్పే మాటే కొలత కాబట్టి, ఆ మాటను సరిగ్గా రాబట్టడం మందు ఇవ్వడమంత ముఖ్యమని నమ్ముతాను.

మోకాలి కీలు మార్పిడి చేయించుకున్న ఒక పెద్దాయన మర్నాడు పొద్దున "పర్వాలేదు సిస్టరమ్మా, మూడు వేసుకోండి" అన్నారు. ఆయన చెయ్యి మాత్రం మంచం కమ్మిని వదలలేదు, పై పెదవి మీద చెమట పట్టి ఉంది. "రూపాయిలో ఎంత తాతగారూ?" అని మళ్లీ అడిగాను. "కదలకుండా పడుకుంటే పావలా, కాలు మడిస్తే ముప్పావలా పైమాటే" అన్నారు తడుముకోకుండా. పావలా అంటే పదిలో రెండున్నర, కాబట్టి ఆయన మొదట చెప్పిన మూడు అబద్ధం కాదు. కదిలినప్పటి సంగతి అడగకపోవడం నా లోపం. ఆ రోజు నుంచి చార్టులో రెండంకెలు రాస్తున్నాను, నడిపించే వేళకు ముందే మందు పడేలా డాక్టరు గారితో మాట్లాడుతున్నాను.

అంకె కుదరనివారికి వేరే కొలతలున్నాయి. పది సెంటీమీటర్ల గీత మీద రోగి చేత గుర్తు పెట్టించి స్కేలుతో కొలిచే పద్ధతిలో, జెరాక్సు తీసినప్పుడు గీత పొడవు మారిపోతుందేమో చూసుకోవాలి. పిల్లల కోసం 1980ల్లో అమెరికాలో డోనా వాంగ్, కోనీ బేకర్ ఆరు ముఖాల బొమ్మలు తయారుచేశారు. అందులో మొదటి ముఖం నవ్వుతూ, చివరిది కన్నీళ్లతో ఉండటం వల్ల, నొప్పినీ ఏడుపునీ పిల్లలు కలిపేసుకునే ప్రమాదం ఉంది. 2001లో వచ్చిన మరో ముఖాల వరుసలో నవ్వూ కన్నీళ్లూ రెండూ లేవు, నాకు అదే నచ్చుతుంది.

అంకె ఎంతో చెబుతుంది గాని ఎలాంటిదో చెప్పదు. 1975లో కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రొనాల్డ్ మెల్జాక్ ప్రచురించిన మెక్‌గిల్ ప్రశ్నావళిలో నొప్పిని వర్ణించే 78 మాటలున్నాయి. మనకూ సలుపు, పోటు, మంట, తిమ్మిరి, గుంజుడు ఉన్నాయి. "మంటగా ఉండి మధ్యమధ్య కరెంటు కొట్టినట్టు జివ్వుమంటోంది" అంటే నరానికి సంబంధించినదేమోనన్న అనుమానం అక్కడే మొదలవుతుంది.

ఒకరి ఆరును మరొకరి ఆరుతో పోల్చి ఎవరికి ఎక్కువని తేల్చడం తప్పు. ఆ అంకెను నిన్నటి తన అంకెతోనే చూడాలి. పదిలో రెండు, లేదా మొదట చెప్పిన అంకెలో సుమారు 30 శాతం తగ్గితే రోగికి తేడా తెలుస్తుందని పరిశోధకులు అంటారు.

మతిమరుపు ముదిరి మాట పోయినవారి విషయంలో ఊపిరి, మూలుగు, ముఖం, ఒంటి కదలిక, ఓదారిస్తే ఊరుకోవడం అనే అయిదింటికీ సున్నా నుంచి రెండు వరకు మార్కులు వేస్తాం. అలాంటి ఒక తల్లికి నేను పక్క మారుస్తుంటే, "నొప్పెడితే అమ్మ కాలి బొటనవేలు ముడుచుకుంటుంది సిస్టర్" అని కూతురు చెప్పింది. దాన్ని చార్టు పైన ఎర్ర సిరాతో రాసి, రాత్రి డ్యూటీ అమ్మాయికి చూపించి వచ్చాను.