నాన్న బిళ్ళలు: నా అనుభవం

నాన్న పోయాక ఆయన ట్రంకు పెట్టెని రెండేళ్ళ దాకా ఎవరూ తెరవలేదు. 2021 డిసెంబరులో తెరిచాం. ఆ ఏడు బంగ్లాదేశ్ యుద్ధానికి యాభై ఏళ్ళు నిండాయని మాజీ సైనికులకీ వాళ్ళ భార్యలకీ సన్మానం పెట్టి అమ్మని కూడా పిలిచారు. అమ్మ నాన్న ఫొటో పట్టుకుని వెళ్ళింది. పక్క కుర్చీలో ఉన్న పెద్దాయన కోటు మీద నాలుగు మెడల్స్ వేలాడుతున్నాయట. శాలువా కప్పినంతసేపూ వాటినే చూస్తూ కూర్చుందట. ఆయన ఒకటి తీసి అమ్మ చేతిలో కూడా పెట్టాడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే నన్ను అడిగింది, "మీ నాన్న బిళ్ళలేవే?" అని.

పెట్టెలో బిళ్ళలు లేవు. ఉన్నవి ఒక డిశ్చార్జి బుక్కు, ఉన్ని మఫ్లర్, ఖాళీ రమ్ము సీసా, అమ్మ రాయించిన ఇన్‌లాండ్ ఉత్తరాల కట్ట. వీటి అడుగున, రంగురంగుల గుడ్డ ముక్కలు వరసగా కుట్టి వెనక పిన్ను పెట్టిన ఒక చిన్న పట్టీ. పిన్ను తుప్పు పట్టి మఫ్లర్‌కి అంటుకుపోయింది.

ఆ పట్టీ ఏమిటో మా వీధిలో సుబేదారు చిన్నాన్న చెబితేగానీ నాకు తెలియలేదు. యూనిఫాం మీద రోజూ పెట్టుకునేది ఆ రిబ్బన్లే. మెడల్ అయితే పరేడ్లకీ, పండగలకీ మాత్రమే. రిబ్బన్ కంటోన్మెంటు బజారులో గజాల లెక్కన దొరుకుతుంది. మెడల్ అలా కాదు, ప్రభుత్వ టంకశాలలో తయారవ్వాలి, దాని అంచు మీద మనిషి నెంబరూ పేరూ కొట్టాలి, అప్పుడు పంపాలి. అర్హత రాగానే రిబ్బన్ పెట్టేసుకుంటారు, మెడల్ తరవాతెప్పుడో వస్తుంది. ఈలోపు మనిషి యూనిట్లు మారతాడు, రిటైరై ఊరొచ్చేస్తాడు. నాన్న 1966లో చేరి 1981లో వచ్చేశారు. వచ్చాక పొలం, పశువులు, మా చదువులు. బిళ్ళల కోసం ఉత్తరం రాసే మనిషి కాదు.

"అయితే మీ నాన్న ఏం సాహసం చేశారు?" అని ఆ తర్వాత నన్ను చాలామంది అడిగారు, మండలాఫీసులో కూడా. ఓపిగ్గా చెప్పుకోవాల్సి వచ్చింది. సాహసానికి ఇచ్చేవి వేరు. మన సంతబొమ్మాళి మండలం కుర్రాడు మేజర్ మళ్ళ రామగోపాల్ నాయుడికి 2024లో కీర్తిచక్ర వచ్చిందే, అలాంటివి. నాన్నవి యుద్ధంలో ఉన్నందుకు ఇచ్చేవి. 1971లో తూర్పు వైపు ఉన్నవాళ్ళకి పూర్వీ స్టార్, పడమటి వైపు ఉన్నవాళ్ళకి పశ్చిమీ స్టార్. ఆ రోజుల్లో సైన్యంలో ఉన్నవాళ్ళకి సంగ్రామ్ మెడల్. 1972లో స్వాతంత్ర్యానికి పాతికేళ్ళు నిండినందుకు ఇంకొకటి. తొమ్మిదేళ్ళ సర్వీసుకి మరొకటి. నాన్న పట్టీ మీద రిబ్బన్లు సరిగ్గా నాలుగు.

నాన్న మద్రాస్ సాపర్స్‌లో చేశారు. మందుపాతరలు తీయడం, ట్యాంకులకి దారి చేయడం, వంతెనలు కట్టడం వాళ్ళ పని. యుద్ధంలో పడమటి వైపు, శకర్‌గఢ్ దగ్గర బసంతర్ నది ఒడ్డున ఉన్నామని ఒక్కసారి చెప్పారు, అదీ మా తమ్ముడు స్కూల్లో వ్యాసం రాయాలంటే. "చలి. రాత్రి. నేల మీద పడుకుని బయోనెట్టుతో పొడుచుకుంటూ పోవడం" అన్నారు. వ్యాసం అయిదు లైన్లు దాటలేదు.

మా తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు. అమ్మ బాధ చూడలేక సికింద్రాబాద్ తిరుమలగిరి లాల్ బజార్‌కి వెళ్ళి నాలుగు మెడల్స్ కొనేశాడు. అక్కడ మిలట్రీ దుకాణాల్లో అన్నీ దొరుకుతాయి, అసలువి చేతికందని సైనికులు కూడా పరేడ్ రోజుకి అలాగే కొనుక్కుంటారట. తళతళలాడుతున్నాయి. అమ్మ గుండ్రటిది చేతిలోకి తీసుకుని చుట్టూ తిప్పింది. అంచు నున్నగా ఉంది.

"ఇది ఎవుల్ది?"

"నాన్నదేనమ్మా."

"పేరు లేదు కదేటి. ఆ ముసిలాయన దానికి ఉంది, చూపించాడు."

తమ్ముడు మారు మాట్లాడలేదు. ఆ నాలుగూ ఇప్పటికీ టీవీ స్టాండు సొరుగులో ఉన్నాయి. అప్పుడే నేను కాగితాల పని మొదలుపెట్టాను.

మొదటి అప్లికేషన్ నా పేరు మీద రాశాను. టీచరుని కదా, ఇంగ్లీషులో బాగానే రాశాను. తిరిగొచ్చింది. నాన్న రికార్డులో వారసురాలిగా ఉన్నది అమ్మ, ఆవిడ ఉండగా కూతురు అడగడానికి లేదు. అడగాల్సింది అమ్మ, సంతకం అమ్మది, ఫ్యామిలీ పెన్షన్ పీపీవో (పెన్షన్ మంజూరు పత్రం) కాపీ అమ్మది. సగం పేజీ చాలని చిన్నాన్న చెప్పాడు: నెంబరు, ర్యాంకు, పేరు, ట్రేడు, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ, ఏయే మెడల్స్ రావాలో. నేను రాసిన "దేశసేవలో తరించిన మా తండ్రిగారు" లాంటి వాక్యాలన్నీ కొట్టేశాడు.

ఎక్కడికి రాయాలన్నది కూడా అందరికీ ఒకటి కాదు. ఏ విభాగంలో చేస్తే ఆ రికార్డ్స్ ఆఫీసుకే రాయాలి. మద్రాస్ సాపర్స్‌వి బెంగళూరులో ఉంటాయి, మద్రాస్ రెజిమెంట్‌వి వెల్లింగ్టన్‌లో, ఆర్టిలరీవి నాసిక్‌లో, బళ్ళూ యంత్రాలూ బాగుచేసే ఈఎంఈ విభాగానివి సికింద్రాబాద్‌లో, నేవీ వాళ్ళవి ముంబైలో. ఢిల్లీకి రాస్తే తిరిగి తిరిగి ఆ ఆఫీసుకే వస్తుంది.

మాది రాజాం దగ్గర పల్లెటూరు. డిశ్చార్జి బుక్కులో జిల్లా శ్రీకాకుళం, అమ్మ ఆధార్‌లో శ్రీకాకుళం, పెన్షన్ కాగితాల్లోనూ అదే. మేము కాగితాలు కూర్చుకుంటుండగానే 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చి మా రాజాం విజయనగరంలోకి పోయింది. చిలకపాలెం మీదుగా శ్రీకాకుళం వెళ్ళి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కూర్చుంటే, "అమ్మా, మీరిప్పుడు విజయనగరం కదా" అన్నారు. నిజమే. మర్నాడు చీపురుపల్లి మీదుగా విజయనగరం బస్సెక్కాం. అక్కడి ఉద్యోగి తానూ మాజీ సైనికుడే. అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, "పిన్నిగారూ, పాత జిల్లా ఉన్నా ఫర్వాలేదు, మా ముద్రతో పంపుతాం, ఉత్తరంలో ఒక లైను రాద్దాం" అన్నారు. బొబ్బిలి వాళ్ళకి ఇది కొత్తేం కాదని కూడా అన్నారు. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడేదాకా వాళ్ళూ శ్రీకాకుళమే, అప్పటి సైనికుల బుక్కులన్నింటిలో అలాగే ఉంటుందట.

అసలు చిక్కు పేరుతో వచ్చింది. నాన్న పేరు చివర "స్వామి". చేర్చుకున్నప్పుడు రాసిన గుమస్తా ఎవరో అరవాయన అయ్యుంటాడు, "సామి" అని రాశాడు. ఇంటిపేరు అసలు రాయలేదు. రేషన్ కార్డులో, పట్టాదారు పాసుపుస్తకంలో, మరణ ధ్రువపత్రంలో ఇంటిపేరుతో సహా "స్వామి". ఇద్దరూ ఒకటేనని అమ్మ చేత నోటరీ అఫిడవిట్ ఇప్పించాం. తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకున్నాం. దానికి మీసేవ చుట్టూ నాలుగుసార్లు తిరిగాను, అదంతా రాస్తే మీరు చదవడం మానేస్తారు.

రెండో చిక్కు నెంబరు. డిశ్చార్జి బుక్కు మొదటి పేజీ ఒకప్పుడు వానకి తడిసింది. సర్వీసు నెంబరులో మధ్య అంకెలు రెండు చెరిగిపోయాయి, మూడో ఎనిమిదో తెలియడం లేదు. నేను ఫోన్ టార్చి పెట్టి, భూతద్దం పెట్టి చూస్తుంటే వంటింట్లోంచి అమ్మ నెంబరు మొత్తం గడగడా చెప్పేసింది.

"నీకెలా తెలుసమ్మా?"

"నాకు తెల్దేటి? పదిహేనేళ్ళు ఉత్తరాలు రాయించాను. నెంబరు, పేరు, కేరాఫ్ 56 ఏపీవో. పోస్టు మాస్టారు తప్పు రాస్తే నానే దిద్దించీదాన్ని."

56 ఏపీవో అంటే సైన్యం పోస్టాఫీసు, సైనికులకి రాసే ఉత్తరాల చిరునామా. అమ్మకి ఇంగ్లీషు రాదు, అంకెలు మాత్రం వచ్చు. ఇన్‌లాండ్ కవర్లు తీసి సరిచూశాను. ఒక్క అంకె తేడా లేదు. అందులో ఒక కవరు జిరాక్సు కూడా అప్లికేషన్‌కి జతచేశాను. అవసరం లేదన్నాడు చిన్నాన్న. నాకు పెట్టాలనిపించింది.

ఇంకొక్క విషయం, ఈ పనికి దిగేవాళ్ళు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది. పెన్షన్ కాగితాలు చూసిపెట్టే ఒకాయన, డబ్బు తీసుకుని, "మెడల్స్ పోయాయని రాసెయ్యండి మేడమ్, తొందరగా పనైపోతుంది" అన్నాడు. నేను రాసేశాను కూడా. పోస్టు చేసే ముందు చిన్నాన్న చూసి కాగితం లాక్కున్నాడు.

"పోయాయని రాస్తే, ఒకసారి ఇచ్చారని నువ్వే ఒప్పుకున్నట్టు. అప్పుడు పోలీసు రిపోర్టు కావాలి, డూప్లికేట్‌కి డబ్బు కట్టాలి. మీ నాన్నకి అసలు ఇవ్వలేదు. ఇవ్వలేదనే రాయి."

పోవడం వేరు, అందకపోవడం వేరు. అమ్మ చేత "నా భర్తకు ఈ మెడల్స్ ఎన్నడూ అందలేదు, మేము అమ్మలేదు, తాకట్టు పెట్టలేదు" అని రాయించి పంపాం. తాకట్టు మాట దగ్గర అమ్మకి నవ్వొచ్చింది. మా ఊళ్ళో ఒకరి ముత్తాత మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళొచ్చాడు. ఆ యుద్ధం మెడల్ వెండిది. కంసాలి చేతిలో పడి మనవరాలి కాళ్ళకి పట్టీలైందని చెప్పుకుంటారు. నాన్నవి ఆ బాధ లేనివి, వెండివి కావు, ఏ కంసాలీ ముట్టుకోడు.

తర్వాత ఎదురుచూడటమే. మధ్యలో ఒక ఉత్తరం వచ్చింది, అఫిడవిట్ ఒరిజినల్ పంపమని. పంపాం. రిజిస్టర్డ్ పోస్టు రసీదులన్నీ ఒక పాలిథిన్ కవర్లో పెట్టుకున్నాను. నాలుగు నెలలకొకసారి పాత ఉత్తరం నెంబరు వేసి, రెండు లైన్లు రాసి మళ్ళీ పంపేదాన్ని. ఫోన్ చేస్తే ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడారు, "స్టాక్ రాగానే" అని.

2023లో, వరి కోతలప్పుడు, పోస్ట్‌మాన్ ఒక చిన్న పార్శిల్ తెచ్చాడు. అందులో రెండు మెడల్స్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్. మిగతా రెండూ తర్వాత పంపుతామని ఉత్తరం. మరో కాగితంలో నాన్న సర్వీసు రికార్డు ప్రకారం ఆయనకి రావాల్సిన నాలుగు మెడల్స్ పేర్లూ రాసి, సంతకం, ముద్ర వేసి ఉన్నాయి. సర్టిఫికెట్ అంటే గవర్నర్ ఇచ్చే చట్రం కట్టిన పత్రంలా ఉంటుందనుకున్నాను. మామూలు తెల్ల కాగితం, టైపు చేసినది. లామినేషన్ చేయించబోతే చిన్నాన్న తిట్టాడు, ముద్ర పాడవుతుందని.

అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని స్టార్ చూసింది, పక్కన పెట్టింది. గుండ్రటిది తీసుకుని అంచు మీద వేలు పెట్టింది. అక్కడ అక్షరాలు సన్నగా గుచ్చినట్టు ఉన్నాయి. పేరు చివర "సామి" అనే ఉంది, తప్పు పడిందని నేను చెప్పబోయాను.

అమ్మ వినడం లేదు. వేలు మెల్లగా జరుపుతూ ఒక్కొక్క అంకే పైకి చదువుతోంది. చివరి అంకె అయ్యాక, అలవాటు కొద్దీ, "కేరాఫ్ 56 ఏపీవో" అంది.