మట్టి వేడిని రంగుల్లో గీయడం: సైజులు కలవని డేటాతో ఎక్కడిదాకా వచ్చానంటే

మట్టిలో 5, 10, 20, 50 సెంటీమీటర్ల లోతుల్లో నాలుగు డీఎస్18బీ20 (వేడిని కొలిచే) సెన్సార్లు ఉన్నాయి. లోతుకు వెళ్లేకొద్దీ వేడి నెమ్మదిగా మారుతుంది. అందుకే పైదాని రీడింగ్ 5 నిమిషాలకోసారి, తర్వాతి రెండూ 10, 30 నిమిషాలకు, అడుగుది గంటకోసారి తీస్తున్నాను. అంటే రోజుకు 288, 144, 48, 24 అంకెలు. బ్యాటరీకి హాయి, టైమ్ అడ్డంగా, లోతు నిలువుగా, వేడి రంగుగా చూపే గ్రాఫుకు తలనొప్పి.

పైథాన్‌లో లెక్కలకు వాడే నమ్‌పైలో ఈ నాలుగింటినీ ఒకే అర్రేగా (అంకెల పట్టికగా) పేర్చబోతే 1.24 వెర్షన్ నుంచి నేరుగా ఎర్రర్ కొడుతుంది. పొట్టి వరసల చివర నాన్‌లు (‘ఇక్కడ విలువ లేదు’ అనే గుర్తులు) నింపితే ఎర్రర్ పోతుంది, బొమ్మా వస్తుంది. కానీ అప్పుడు కాలమ్ నంబరే టైమ్ అయిపోయి, అడుగు సెన్సార్ రోజంతా తీసిన 24 రీడింగులూ మొదటి రెండు గంటల్లో ఇరుక్కుంటాయి. అన్నిటినీ 5 నిమిషాల గ్రిడ్‌లోకి ఇంటర్‌పొలేట్ చేయడం, అంటే మధ్య విలువల్ని లెక్కగట్టి నింపడం, ఇంకో దారి. చూడ్డానికి నున్నగా ఉంటుంది గానీ, 24 అంకెల్లోంచి 288 పుట్టించి అవన్నీ కొలిచినట్టు చూపించడానికి నాకు మనసొప్పలేదు.

అందుకే వరసకో పీకలర్‌మెష్ (మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో గళ్లకు రంగులు పూసే ఫంక్షన్) చొప్పున, ఒకే యాక్సిస్ మీద నాలుగు సార్లు గీస్తున్నాను. ఇక్కడ అసలు పనంతా అంచుల దగ్గరే. 24 గళ్లకు 25 టైమ్ అంచులు కావాలి. ప్రతి రీడింగుకూ అటు అరగంట, ఇటు అరగంట. లోతు అంచులు పక్కపక్క సెన్సార్ల మధ్య బిందువులు: 7.5, 15, 35. పైన 0, అంటే నేల మట్టం. అడుగున లెక్క ప్రకారం 65 రావాలి, కానీ ఒక్క సెన్సార్‌ని నమ్మి 30 సెంటీమీటర్ల మందాన రంగు పూయడం మరీ ఎక్కువనిపించి 55 దగ్గరే ఆపేశాను. వై యాక్సిస్ తిరగేస్తే లోతు కిందికి పోతుంది.

ఆక్టేవ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటిదే అయిన పీకలర్ వాడేవాళ్లు ఒకటి చూసుకోవాలి. అది ఇచ్చిన అంకెల్ని గడి మూలలుగా తీసుకుంటుంది కాబట్టి చివరి వరస, చివరి కాలమ్ రంగు బొమ్మలోకి రాదు. నాలుగు లోతులిస్తే మూడు పట్టీలే కనిపిస్తాయి.

వీమిన్, వీమ్యాక్స్ (రంగుల స్కేలుకు కింది, పై హద్దులు) నాలుగు సార్లూ ఒకటే ఇవ్వాలి, లేకపోతే ఏ పట్టీ స్కేలు దానిదే. ఆ విలువలు తేల్చేముందు డేటాలో 85 డిగ్రీలు ఉన్నాయేమో వెతకండి. కొలత పూర్తవకముందే చదివితే ఈ సెన్సార్ ఇచ్చే పవర్-ఆన్ విలువ అది. అలాంటిది ఒక్కటి మిగిలినా స్కేలు దానివైపు సాగిపోయి మట్టి మొత్తం ఒకే రంగులోకి వెళ్తుంది. దాన్ని నాన్ చేస్తే ఆ గడి పారదర్శకంగా ఉండిపోతుంది. వెనక బూడిద రంగు ఇచ్చాను, డేటా లేని చోటు దాచకుండా తెలుస్తుంది.

రంగులకు విరిడిస్ అనే రంగుల వరస వాడాను. ఇంద్రధనుస్సులాంటి జెట్ జోలికి పోలేదు, అందులో పసుపు దగ్గర లేని గీత ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు వేడి పట్టీ కిందికి దిగేకొద్దీ కుడివైపుకి జరగడం, అంటే లోతుకు వేడి ఆలస్యంగా చేరడం, చక్కగా కనిపిస్తోంది. అడుగు పట్టీ మాత్రం రోజంతా దాదాపు ఒకే రంగు. దానికి వేరే స్కేలు ఇద్దామా అన్న ఆశ పుట్టింది గానీ, ఒకే రంగుకు రెండు అర్థాలు వస్తాయని మానేశాను. దాని కనిష్ఠ, గరిష్ఠ విలువలు పట్టీ పక్కనే రాయించాలి, 35 సెంటీమీటర్ల దగ్గర ఐదో సెన్సార్ దించాలి.