క్లాస్ డౌన్‌లోడ్ అవుతుంది, టెస్ట్ అవదు: డీఎస్సీ 2024 ఎస్‌జీటీ, నా ప్రిపరేషన్

నమస్తే ఫ్రెండ్స్. అక్టోబర్ 9న ఎల్బీ స్టేడియంలో నియామక పత్రం చేతికొచ్చింది. డీఎస్సీ, అంటే తెలంగాణ సర్కారు టీచర్ పోస్టుల పరీక్ష రాసి గెలిచిన ఉద్యోగం: కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా, ఎస్‌జీటీ, అంటే ప్రాథమిక బడి టీచర్. బస్సులో ఊరికొచ్చేలోపు ఆ కాగితం ఎన్నిసార్లు తీసి చూసుకున్నానో లెక్కలేదు.

"ఏ కోచింగ్ అక్కా, ఏ మెటీరియల్?" అని చాలామంది అడుగుతున్నారు. మెటీరియల్ మీ అందరి దగ్గరా ఉన్నదే: ఎస్‌సీఈఆర్‌టీ వాళ్ల బడి పాఠ్యపుస్తకాలు, డీఎడ్‌లో చదివిన మెథడాలజీ (బోధనా పద్ధతులు), పర్‌స్పెక్టివ్స్‌కు (విద్యా దృక్పథాలు) సొంత నోట్స్. కోచింగ్‌కు హైదరాబాద్ పోలేదు. నా ప్రిపరేషన్‌ను మార్చింది మంచి నెట్. క్లాసులు చూడ్డానికి అనుకుంటారేమో, అందుకు కాదు.

2023 సెప్టెంబర్ టెట్‌లో, అంటే టీచర్ అర్హత పరీక్షలో, నాకొచ్చినవి 150కి 88. క్వాలిఫై అయ్యాను కానీ డీఎస్సీ మార్కులు 80కి తోడు కలిసే టెట్ వెయిటేజీ 20కి 11.73. ఆ నెలలోనే 5,089 పోస్టులతో డీఎస్సీ నోటిఫికేషన్ పడింది. ఇంట్లోనే కూర్చుని చదవడం మొదలుపెట్టాను.

మా ఊరు అడవి అంచున. ఇంట్లో ఫోన్‌కు ఒక గీత సిగ్నల్, చెరువు కట్ట మీద రెండు. తెల్లవారుజామున నాలుగింటికి నెట్ కాస్త నయంగా ఉండేది. అప్పుడు లేచి సర్కారు చదువుల ఛానల్ టీ-శాట్ నిపుణ క్లాసులు యూట్యూబ్‌లో 144 క్వాలిటీలో డౌన్‌లోడ్ పెట్టుకుని, పగలంతా చూసేదాన్ని. ఆ క్వాలిటీలో బోర్డు మీద 3 ఏదో 8 ఏదో తెలిసేది కాదు, సార్ గొంతు విని లెక్క రాసుకునేదాన్ని. అయినా ఆ క్లాసులకు నేను రుణపడి ఉన్నాను. రూపాయి ఫీజు లేకుండా సిలబస్ అంతా విన్నాను. నోట్‌బుక్కులు ఏడు నిండాయి. ఇక నాకు తిరుగులేదనుకున్నాను.

అప్పుడు ఒక ఆన్‌లైన్ గ్రాండ్ టెస్ట్‌కు, అంటే పూర్తి మోడల్ పరీక్షకు, డబ్బులు కట్టాను. ఆదివారం పొద్దున పదింటికి. గొడుగు, చాప పట్టుకుని కట్ట మీదికి పోయాను, బాపు కూడా వచ్చి కాస్త దూరంలో కూర్చున్నాడు. 63వ బిట్ దగ్గర తెర ఆగిపోయింది. గుండ్రంగా తిరుగుతూనే ఉంది. ఫోన్ ఆపి పెట్టాను, కట్ట ఆ చివరికి నడిచాను, చెయ్యి పైకెత్తి నిలబడ్డాను. మళ్లీ తెరుచుకునేసరికి టైమ్ అయిపోయి పేపర్ దానంతటదే సబ్మిట్ అయింది. 80కి 24. ర్యాంకు వేలల్లో. "ఎన్నొచ్చినయ్ బిడ్డా?" అని బాపు అడిగితే నోట మాట రాలేదు.

తర్వాతి ఆదివారం 40వ బిట్ దగ్గర ఆగింది. ఆ పై వారం అసలు లాగిన్ కాలేదు. మూడు వారాలయ్యాక టెస్టులు మానేశాను. "చదివింది బుర్రలో ఉంది కదా, ఈ టెస్టులెందుకు" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఈ ప్రయాణంలో నేను చేసిన పెద్ద తప్పు ఇదే. అసెంబ్లీ ఎన్నికలతో ఆ డీఎస్సీ వాయిదా పడింది కాబట్టి బతికిపోయాను.

2024 ఫిబ్రవరి 29న 11,062 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. మార్చిలో మంచిర్యాలలో మేనమామ ఇంటికి మారాను. వాళ్లింటికి కేబుల్ ఆపరేటర్ వేసిన ఫైబర్ లైన్ ఉంది. మామ కొడుకు పాత ల్యాప్‌టాప్ ఇచ్చాడు. మొదటిరోజే పూర్తి పేపర్ రాశాను. 160 బిట్లు, రెండున్నర గంటలు, మధ్యలో ఒక్కసారీ ఆగలేదు. మార్కులు 80కి 41.

ఏడ్చాను. ఈసారి నెట్‌ను తిట్టుకునే వీలు కూడా లేదు. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన పియాజె దశల క్లాసు ఆరుసార్లు చూసిన నేను, పొడవు గ్లాసులో పోసిన నీళ్లే ఎక్కువ అన్న పిల్లవాడిది ఏ దశ అంటే మూర్త ప్రచాలక దశ అని పెట్టాను. పదిలపరచుకొనే భావనాలోపం (గ్లాసు మారినా నీళ్లు అంతే అని తెలియకపోవడం) పూర్వ ప్రచాలక దశ లక్షణమని నోట్‌బుక్‌లో ఎర్ర పెన్నుతో గీత గీసి మరీ రాసుకున్నదే! వినడం వేరు, బిట్‌గా అడిగితే పట్టుకోవడం వేరు. ఆరు నెలలు విన్నాను, నన్ను అడిగినవాళ్లు లేరు. ఎక్కడ వేసిన గొంగడి అక్కడే ఉంది.

ఆ రోజు నుంచి లెక్క మార్చాను. రోజుకో చిన్న స్లిప్ టెస్ట్, ఆదివారం గ్రాండ్ టెస్ట్. రాత్రి ఎనిమిదింటికి నిజామాబాద్, నల్గొండ, ఖమ్మం అమ్మాయిలు ముగ్గురితో వీడియో కాల్. తలా పాతిక బిట్లు తేవాలి, మిగతా మూడు ఆప్షన్లు ఎందుకు తప్పో తెచ్చినవాళ్లే చెప్పాలి. మాట తెగకుండా నలుగురం గంటసేపు మాట్లాడుకోవాలంటే నెట్ మన దగ్గరికి రావడమే కాదు, మన గొంతు, మన ముఖం అటువైపు పోవాలి కూడా. ఊళ్లో ఉన్నప్పుడు క్లాసు నా దగ్గరికి ఎలాగోలా వచ్చేది, నా డౌట్ మాత్రం సార్ దగ్గరికి పోయేది కాదు. లైవ్ క్లాసులో మైక్ ఆన్ చేసి మొదటిసారి డౌట్ అడిగిన రోజు నాకు చెయ్యి వణికింది.

2024లో టెట్ మళ్లీ రాశాను. ఈసారి టెట్, డీఎస్సీ రెండూ కంప్యూటర్ మీదే రాశాం కదా. మౌస్ పట్టడం, మార్క్ ఫర్ రివ్యూ పెట్టుకుని వెనక్కి రావడం నాకు అప్పటికే అలవాటు. టెట్‌లో 121 వచ్చాయి, వెయిటేజీ 16.13. ఒక్క ఇంటి మార్పుతో 4.4 మార్కులు. అర మార్కు దగ్గర ఎంతమంది ఉంటారో జీఆర్‌ఎల్ (జనరల్ ర్యాంకింగ్ లిస్ట్) చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. జూలై 18న డీఎస్సీ మొదలైంది. వాయిదా కోసం రోడ్డెక్కినవాళ్ల బాధ నాకు అర్థమైంది, కానీ నేను ఆ వార్తలు చూడటం మానేశాను. పరీక్ష బాగా రాశాను. సెప్టెంబర్ 30న రిజల్ట్, వెంటనే సర్టిఫికెట్ వెరిఫికేషన్, అంతే.

"మామ ఇంట్లో కూసుండి ఫోన్ చూసుకుంట తింటున్నది" అన్న చుట్టాలున్నారు. వాళ్లకు నా టెస్ట్ స్కోర్లు చూపించలేను కదా. రోజుకు ఆరు గంటలు తెర ముందున్నాను, ఆ ఆరూ చదువే. రీల్స్ యాప్ మార్చిలో తీసేశాను, ఇప్పటికీ మళ్లీ వేసుకోలేదు. మంచి నెట్ ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకు చెప్తున్నా: ఆ లైన్ కోసం ఇల్లు వదిలి వచ్చినవాళ్లం ఉన్నాం. అర్ధరాత్రి దాకా బొమ్మలు జరుపుతూ కూర్చోకండి. పదకొండింటికి ఫోన్ వేరే గదిలో పెట్టండి.

పంచాయతీలకు ఫైబర్ నెట్ తెచ్చే కేంద్ర పథకం భారత్‌నెట్. దాని పాత పేరు నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్, ఆమోదం 2011లో. మిషన్ భగీరథ పైపుల కందకాల్లోనే రాష్ట్ర సర్కారు టీ-ఫైబర్ కేబుల్. ఇవన్నీ మనం బట్టీ పట్టిన బిట్లే. కేబుల్ పంచాయతీ దాకా రావడం ఒక పని. అక్కడి నుంచి చదువుకునే పిల్ల ముందున్న తెర దాకా రావడం ఇంకో పని. ఆ రెండోది కాకే నేను ఊరు వదలాల్సి వచ్చింది. మేనమామ లేని పిల్ల ఎక్కడికి పోవాలి?

దసరాకు ఊళ్లో ఉన్నప్పుడు పంచాయతీ ఆఫీసుకు పోయాను. లైన్ ఉంది, ఆఫీసు కంప్యూటర్‌కే వాడుతున్నారు. ఆదివారం పది నుంచి ఒంటిగంట దాకా గది ఇవ్వమని కార్యదర్శి సార్‌ను అడిగాను. ఒప్పుకున్నారు. మా చిన్నమ్మ కూతురు, ఇంకో ముగ్గురు పిల్లలు పేర్లిచ్చారు. మామ కొడుకు ల్యాప్‌టాప్ అక్కడే పెడుతున్నాను. మా మండలంలో ప్రిపేర్ అవుతున్నవాళ్లు ఇది చదువుతుంటే మీరూ రండి. మౌస్ తెచ్చుకోండి, నా దగ్గర ఒకటే ఉంది.